తొట్టెల నుంచి హ్యామక్ దాకా: నడిచే జాతుల సామాను కథ



దూరం నడిచిపోయి, చెట్లకు హ్యామక్ కట్టుకుని రాత్రి పడుకోవాలని మనలో చాలామందికి ఉంది. కానీ కొనాల్సిన సామాను జాబితా చూడగానే గుండె జారిపోతుంది. బ్యాగు ఒక ధర, టెంటు ఒక ధర, బూట్లు ఇంకో ధర. హాస్టల్‌లో ఉండి చదివేటోళ్లకు "ఇది మనలాంటోళ్ల పని కాదు" అనిపిస్తుంది. చరిత్ర చూస్తే ఈ మాట తప్పని తెలుస్తుంది. తక్కువ సామానుతో దూరం నడవడం మన తాతల బతుకే. దాన్ని మనం షాపులో కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేదు.

హ్యామక్ ఎవరిది?

ముందు ఆ మాట సంగతి చూద్దాం. హ్యామక్ అనే మాట కరీబియన్ దీవుల ఆదివాసులైన టైనోల భాషలోని 'హమాకా' నుంచి వచ్చింది. 1492లో కొలంబస్ అక్కడ దిగినప్పుడు, వాళ్లు నూలు వలల్లాంటి పడకల మీద పడుకోవడం చూసి రాసుకున్నాడు. నేల తేమ, పాములు, పురుగులు తగలకుండా వాళ్లు కనిపెట్టిన ఉపాయం అది. 1597 నాటికి ఇంగ్లండ్ నౌకాదళం తన నావికులకు అదే పడక ఇచ్చింది. ఆ టైనో జాతి మాత్రం కొన్ని దశాబ్దాల్లోనే రోగాలకు, వెట్టికి నలిగిపోయింది. ఇప్పుడు షాపుల్లో కొత్త ఫ్యాషన్‌గా అమ్మేది ఒక ఆదివాసీ జాతి తెలివి.

మన దగ్గర మాత్రం లేదా? దేవరకొండ, అచ్చంపేట వైపు ఏ చేను గట్టున చూసినా, కూలికొచ్చిన తల్లి చెట్టు కొమ్మకు చీరతో తొట్టెల కట్టి బిడ్డను పడుకోబెడుతుంది. హ్యామక్ అంటే పెద్దోళ్ల తొట్టెలే.

లదేణి నేర్పిన లెక్క

లంబాడాల లదేణి గురించి పెద్దోళ్ల నోట వినే ఉంటాం. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని నెలల తరబడి నడిచే వ్యాపారం. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఉత్తర భారతంలో తనకు ఎదురైన ఒక తండాలో 14,000 ఎడ్లు ఉన్నాయని రాశాడు. అన్నిటి మీదా ధాన్యమే. అదే శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే కూడా పది, పన్నెండు వేల ఎడ్ల బిడారుల గురించి రాశాడు. దక్కన్ మీదికి వచ్చిన సైన్యాలకు కూడా తిండి మోసింది బంజారా ఎడ్లే.

ఇంత పెద్ద నడకకు వాళ్ల సామాను ఏంది? ఎద్దు వీపు మీద రెండు పక్కలా సమానంగా వేలాడే గోనె. ఒక పక్క బరువెక్కితే ఎద్దు వీపు పుండవుతుంది, దాంతో ప్రయాణం ఆగిపోతుంది. రాత్రి మజిలీలో దించిన గోనె సంచులనే చుట్టూ పేర్చి గోడలాగా వాడుకున్నరు. పగలు బరువు, రాత్రి రక్షణ. ఒక వస్తువు రెండు పనులు చెయ్యాలనేది వాళ్ల లెక్క.

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. రోడ్లు పెరిగాయి. లదేణి చితికిపోయింది. ఇంకోవైపు 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. చాలా సంచార జాతుల మీద, కొన్ని ప్రాంతాల్లో బంజారాల మీద కూడా నేరస్తుల ముద్ర పడింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు. నడవడమే నేరమని చెప్పిన కాలం అది. మూట నెత్తిన పెట్టుకుని నడిచేటోళ్లను చూస్తే ఇప్పటికీ కొందరికి చిన్నచూపు ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది.

చెంచుల ఇల్లు

1940లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త అమ్రాబాద్ గుట్టల మీద చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. విల్లు, బాణాలు, గొడ్డలి, గడ్డలు తవ్వే కర్ర, బుట్టలు, కుండలు – దాదాపు ఇవే ఒక కుటుంబం ఆస్తి. ఎండాకాలంలో నీళ్లు, ఇప్పపువ్వు ఉన్నచోటికి పోయి ఆకులతో నీడ వేసుకునేటోళ్లు. దీన్ని పేదరికం అని మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. ఏది మోయాలో, ఏది అడవిలోనే దొరుకుతుందో తెలిసిన జ్ఞానం కూడా అందులో ఉంది.

అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల ముసలమ్మ 1955లో అపలాచియన్ బాట మొత్తం, 3,000 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా నడిచింది. పదకొండు మంది పిల్లల తల్లి. టెంటు లేదు. ఇంట్లో కుట్టుకున్న గుడ్డ సంచి, ఒక దుప్పటి, వానకు ప్లాస్టిక్ తెర, కాళ్లకు మామూలు కాన్వాస్ బూట్లు. మన నాయనమ్మలు చూస్తే "గిందులో వింతేముంది" అంటరు.

మరి మనం ఏం కొనాలి?

ప్రాణం వేలాడేదాని మీద డబ్బు పెట్టాలి. మిగతాది ఇంట్లో వెతుక్కోవాలి.

పట్టీలు: ఇక్కడ పిసినారితనం వద్దు. సన్నని ప్లాస్టిక్ తాడు ముడి జారుతుంది, ఎండకు పెళుసవుతుంది, చెట్టు బెరడును కోస్తుంది. కనీసం అంగుళం వెడల్పున్న పాలిస్టర్ పట్టీ తీసుకోండి. లారీ సరుకు కట్టే పట్టీ లాంటిది.

కట్టే తీరు: బిగించి కట్టొద్దు, 30 డిగ్రీల వాలు ఉంచండి. 60 కిలోల మనిషికి అప్పుడు ఒక్కో పక్క 60 కిలోల లాగుడు పడుతుంది. 10 డిగ్రీలకు బిగిస్తే అదే 170 కిలోలు దాటుతుంది. తెగేది అప్పుడే. మోకాలి ఎత్తు మించకూడదు.

గుడ్డ: ఒంటి పొర నైలాన్‌ది చాలు. కొంచెం ఐమూలగా పడుకుంటే నడుము వంగదు.

చలి: హ్యామక్‌లో చలి కిందినుంచి వస్తుంది. కింద యోగా మ్యాట్ గానీ, మడత పెట్టిన దుప్పటి గానీ వేసుకోండి. గొంగడి వెచ్చనే, బరువు మాత్రం చూసుకోవాలి.

వాన, దోమలు: వడ్లమీద కప్పే తాడిపత్రి చిన్న ముక్క, ఇంట్లో ఉన్న దోమతెర. పట్టీకి ఒక దారం వేలాడదీస్తే వాన నీళ్లు దాని వెంట కిందికి కారిపోతాయి, పడక తడవదు.

చెట్టు: ఎండిన చెట్టుకు, ఎండు కొమ్మ కింద కట్టొద్దు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆ చెట్టు జోలికే పోవద్దు. ఎలుగుబంటి వస్తుంది.

ఇంకో మాట. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా లోపల రాత్రి ఉండొద్దు. చెంచుపెంటకు పోతే అది ఒకరి ఇల్లని గుర్తుపెట్టుకోండి. అడిగి పోవాలి, చెత్త మిగల్చకుండా రావాలి.

కొనడానికి ముందు ఇంట్లో తాతనో అవ్వనో ఒక్కటి అడగండి: "దూరం పోయేటప్పుడు ఏం కట్టుకుని పోయేటోళ్లు? రాత్రి ఎట్ల పండేటోళ్లు?" విన్నది రాసి ఇక్కడ పెట్టండి. లదేణి చూసినోళ్ల మాటలు విన్న తరం కూడా తగ్గిపోతున్నది. బ్యాగు రేపైనా దొరుకుతుంది, ఆ మాటలు దొరకవు.