కొలువుకు మించి ఎదిగిన కావలి సోదరులు

గ్రామ కైఫీయతులు అనగానే మనకు కల్నల్ కాలిన్ మెకంజీ గుర్తుకొస్తాడు. 1783లో మద్రాసు చేరిన ఈ స్కాట్లండు ఇంజనీరుకు మన దేశచరిత్ర మీద ఎంత మక్కువో, దేశభాషలతో అంత ఇబ్బంది. ఆ ఇబ్బంది తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు.

వారిలో వెంకట బొర్రయ్య 1796లో, ఇరవై ఏళ్ల వయసులో మెకంజీ కొలువులో చేరాడు. మాట మార్చి చెప్పే దుబాసీలు ఆ రోజుల్లో కంపెనీ దొరల దగ్గర చాలామందే ఉండేవారు. బొర్రయ్య అంతటితో సరిపెట్టుకోలేదు. పండితులను, జైన గురువులను కలిసి విషయాలు రాబట్టాడు. హళగన్నడ శాసనాలు చదివే మార్గం కనిపెట్టాడు. మెకంజీ అతడిని ‘నీ పని నువ్వు చూసుకో’ అని ఆపలేదు. ఏషియాటిక్ రిసెర్చెస్ తొమ్మిదో సంపుటంలో జైనులపై వచ్చిన వ్యాసం బొర్రయ్య అనువాదమని అతడి పేరుతోనే అచ్చయింది. 1803లో బొర్రయ్య చిన్నవయసులోనే కన్నుమూశాడు. భారతీయ విజ్ఞానంలోకి తనకు దారి చూపింది అతడేనని మెకంజీ 1817లో ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు.

తమ్ముడు లక్ష్మయ్య ఆ స్థానంలోకి వచ్చి, సహాయకులను ఊరూరా పంపి, నివేదికలు తెప్పించి, సేకరణ మొత్తాన్ని నడిపాడు. మరో తమ్ముడు రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవితచరిత్రలను ఆంగ్లంలో ప్రచురించాడు. 1821లో మెకంజీ మరణించేనాటికి 1,500 పైచిలుకు రాతప్రతులు, 8,000 పైగా శాసన నకళ్లు పోగయ్యాయి. ఆ సేకరణను ఆయన భార్య దగ్గర కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది.

ఆగిన పనిని తానే కొనసాగిస్తానని లక్ష్మయ్య 1830లలో కోరాడు. విషయం బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ముందుకు వెళ్లింది. ఆ బాధ్యతకు లక్ష్మయ్యే కాదు, స్వదేశీయులెవరూ చాలరన్న ధోరణిలో అక్కడ తీర్పు వచ్చింది. రాతప్రతుల పరిశీలన విలియం టైలర్ అనే మిషనరీకి దక్కింది. ఏళ్ల తరబడి ఆ పని నడిపించిన మనిషికి దాని పెద్దరికం మాత్రం అందలేదు. ఎదిగే చోటు ఆయనకు మెకంజీ దగ్గర దొరికింది గానీ, సంస్థలో దొరకలేదు. అందుకే మెకంజీ పోగానే అదీ పోయింది.

మన పూర్వ విద్యార్థుల్లో ఎందరో నేడు నలుగురికి ఉద్యోగాలిచ్చే స్థాయిలో ఉన్నారు. ‘మీ కుర్చీదాకా రావాలనుంది సార్’ అనే కుర్రాడు ఇంటర్వ్యూలో ఎదురైతే, నిలకడగా ఉండడేమోనని వెనుకాడడం సహజం. తరగతి గదిలో మన గురువులకు ఆ బెంగ లేదు. శిష్యుడు తమను మించిననాడే వారికి సంతోషం. ఆఫీసులో ఆ మనసు ఒక్కటే చాలదు. చేసిన పని కింద అతడి పేరుండాలి. పై మెట్టు ఏదో, దాన్ని ఎలా అందుకోవాలో చేరిన రోజే కాగితం మీద ఉండాలి, పై అధికారి మారినా అది చెల్లాలి. బొర్రయ్యకు మొదటిది దక్కింది. లక్ష్మయ్యకు రెండోది దక్కలేదు.