గొలుసు ఎలా తెగింది? అగస్టీన్ జీవితం నుండి ఒక ధ్యానము



ప్రతి ఏటా డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనలో చాలామంది కన్నీళ్లతో తీర్మానాలు చేసుకుంటాము. ఇక తాగనని, ఫోనులో ఆ చెడ్డ బొమ్మలు చూడనని, ఇంట్లో బూతు మాట్లాడనని మోకరిస్తాము. సంక్రాంతి వచ్చేసరికి మళ్లీ పాత దారే. ఇలా రెండు మూడేళ్లు గడిచాక కొందరు ప్రభువు బల్లకే దూరమైపోతారు. ‘నాలాంటివాడు మారడు’ అని మనసులో తీర్పు రాసేసుకుంటారు. అలాంటి వారి కోసమే సంఘ చరిత్రలో నుండి ఒక పాత సాక్ష్యాన్ని ఈ వారం ధ్యానిద్దాము.

అగస్టీన్ క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తే అనే చిన్న పట్టణంలో పుట్టాడు. అది నేటి అల్జీరియా దేశంలో ఉంది. తల్లి మోనికా ప్రార్థనాపరురాలు. చదువు కోసం కార్తేజీ నగరానికి వెళ్లిన అగస్టీన్ అక్కడ పెండ్లి లేకుండానే ఒక స్త్రీతో కాపురం పెట్టాడు. వారికి ఒక కుమారుడు పుట్టాడు. ఆ రోజుల్లోనే మానీ అనేవాని మతంలో చేరి సుమారు తొమ్మిదేళ్లు ఉన్నాడు. పాపం చేసేది నేను కాదు, నాలో ఉన్న మరో స్వభావం అని చెప్పుకోవడానికి ఆ బోధ అతనికి వీలిచ్చింది. సాకు దొరికినంత కాలం మనిషికి విడుదల అవసరం కనబడదు కదా!

384లో అతడు ఇటలీలోని మిలాన్‌లో ఉపన్యాస కళ బోధించే పెద్ద ఉద్యోగంలో చేరాడు. అక్కడి బిషప్పు అంబ్రోస్ ప్రసంగాలు వినగా వినగా మనసులోని సందేహాలు తీరిపోయాయి. అయినా జీవితం మారలేదు. ఎందుకని? తరువాత రాసిన ‘కన్ఫెషన్స్’ అనే గ్రంథంలో ఆయనే కారణం చెప్పాడు. వంకరైన ఇష్టం మోహాన్ని కన్నది. మోహానికి లోబడగా లోబడగా అది అలవాటైంది. అలవాటును ఎదిరించనందున అది లేకపోతే బ్రతకలేని స్థితి వచ్చింది. ఒక్కొక్క కొక్కెం మరొకదానికి తగులుకొని గొలుసైంది. తనను బంధించింది ఇతరుల ఇనుము కాదు, ఇనుములాంటి తన సొంత ఇష్టమే అని ఒప్పుకున్నాడు. యౌవనంలో పవిత్రత కోసం ప్రార్థిస్తూనే, అది వెంటనే రాకూడదని కోరుకున్నానని కూడా దాచకుండా రాశాడు. మన ప్రార్థనలు కొన్నిసార్లు ఇలాగే ఉంటాయి.

అదే గ్రంథంలో మరో ఇద్దరి అలవాట్లు కనబడతాయి. మోనికా చిన్నపిల్లగా ఉన్నప్పుడు పీపాలో నుండి ద్రాక్షారసం తెమ్మని పెద్దలు పంపేవారు. మొదట పెదవి తడుపుకునేంతే. రోజుకింత పెరిగి గిన్నెలు తాగే వరకు వచ్చింది. ఒకరోజు పనిపిల్ల గొడవపడి, తాగుబోతని ఎత్తిపొడిచింది. ఆ మాట ముల్లులా గుచ్చుకొని మోనికా ఆ అలవాటు వదిలేసింది.

అగస్టీన్ స్నేహితుడు అలీపియస్ రోములో ఉండగా, మనుషులు ఒకరినొకరు చంపుకునే గ్లాడియేటర్ల పోటీలకు మిత్రులు అతన్ని లాక్కెళ్లారు. నా శరీరాన్నే తీసుకెళ్లగలరు, నా మనసును కాదు అన్న ధీమాతో కళ్లు గట్టిగా మూసుకొని కూర్చున్నాడు. జనం పెద్దగా కేక వేయగానే ఆగలేక కళ్లు తెరిచాడు. ఇంకేముంది, ఆ రక్తాన్ని చూసి మత్తెక్కిపోయి, తరువాత ఇతరులనూ వెంటబెట్టుకొని వెళ్లేవాడయ్యాడు. తన బలాన్ని నమ్ముకొని శోధన మధ్యలో కూర్చున్నవాని గతి అంతే. దేవుడు అతన్ని కూడా తరువాత విడిపించాడు.

386 వేసవిలో మిలాన్‌లోని ఇంటి తోటలో అగస్టీన్ తనతో తాను పోరాడి అంజూరపు చెట్టు కింద పడి ఏడ్చాడు. పక్క ఇంటి నుండి, తీసి చదవమని పాటలా పలికే ఒక పసి గొంతు వినబడింది. వెళ్లి అపొస్తలుడైన పౌలు పత్రికలు తెరిచాడు. రోమా 13:13-14 వచనాలు కంటపడ్డాయి. క్రీస్తును ధరించుకోవాలనీ, శరీర ఇచ్ఛలకు ఏర్పాట్లు చేసుకోకూడదనీ ఆ మాటల సారాంశం. పక్కనే ఉన్న అలీపియస్ ఆ తరువాతి వచనాన్ని తనకు అన్వయించుకున్నాడు. ఇద్దరూ కలిసి లోపలికి వెళ్లి మోనికాకు చెప్పారు. 387 ఈస్టరు పండుగ రాత్రి అంబ్రోస్ చేత బాప్తిస్మం పొందారు.

ఈ కథలో ఒక బాధ కూడా ఉంది. పెద్దింటి సంబంధం కోసం, ఎన్నో ఏళ్లు తనతో ఉన్న ఆ స్త్రీని ఆఫ్రికాకు పంపేశారు. కుమారుణ్ణి విడిచి ఆమె ఒంటరిగా వెళ్లింది. ఆమె పేరు కూడా గ్రంథంలో లేదు. ఒకరి అలవాటుకు మరొకరు వెల చెల్లిస్తారు. తాగేది భర్త అయితే ఆకలితో పడుకునేది భార్యా పిల్లలు. దేవుని క్షమాపణ పొందినవాడు, తనవల్ల నష్టపోయినవారి ముఖం చూడాలి. లూకా 19వ అధ్యాయంలో జక్కయ్య అదే చేశాడు.

మరి తోటలోని ఆ రోజుతో పోరాటం ముగిసిందా? లేదు. హిప్పో పట్టణంలో బిషప్పు అయ్యాక కూడా పాత తలంపులు కలల్లో వస్తున్నాయని, తిండి విషయంలో, మెప్పు విషయంలో రోజూ పోరాటమేనని అదే గ్రంథంలో రాశాడు. 430లో వాండల్ సైన్యం హిప్పోను ముట్టడించి ఉండగా మరణశయ్యపై ఉన్న ఆ వృద్ధుడు, దావీదు పశ్చాత్తాప కీర్తనలను రాయించి గోడకు అంటించుకొని, చదువుతూ ఏడ్చేవాడని ఆయన శిష్యుడు పొసీదియస్ రాశాడు. అక్కడ మనకు కనబడేది ఓడిపోయినవాడు కాదు, చివరివరకు ప్రభువును వదలనివాడు.

కాబట్టి ప్రియులారా, మూడు పనులు చేద్దాము. అలవాటును దాని పేరుతోనే దేవుని యెదుట ఒప్పుకుందాము, సాకులు వద్దు. దానికి దారితీసే ఏర్పాట్లు తీసేద్దాము: ఆ దుకాణం ముందున్న దారి మార్చుకోవాలి, రాత్రిళ్లు ఫోను భార్య దగ్గరో, తల్లి దగ్గరో పెట్టాలి. యాకోబు 5:16 నేర్పినట్టు నమ్మకమైన ఒక విశ్వాసికి చెప్పుకొని కలిసి ప్రార్థిద్దాము. ఆ తోటలో అగస్టీన్ పక్కన అలీపియస్ ఉన్నాడు. మన పక్కన కూడా ఒకరు ఉండాలి. పడితే లేచి మళ్లీ ప్రభువు దగ్గరకే వద్దాము. పడ్డామని ప్రభువుకు దూరమైపోవడం సాతానుకే లాభం.

ప్రభువా, మేము వేసుకున్న గొలుసులు మేము తెంచుకోలేము. నీ వాక్యముతో, నీ ఆత్మతో మమ్మును విడిపించుము. మావల్ల గాయపడినవారిని ఆదరించుము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.