శోకకాలంలో 17వ రోజు: జపాన్ రహస్య క్రైస్తవుల శ్రమకాల ఆచరణ (1614–1873)

వ్యాససంగ్రహం:

జపాన్‌లో క్రైస్తవమతం 1614 నుంచి 1873 వరకు నిషిద్ధమతంగా ఉంది. ఈ రెండున్నర శతాబ్దాలలో అధికభాగం గురువులు, చర్చిలు, బహిరంగ ఆరాధన లేకుండానే నాగసాకి పరిసర గ్రామాల రైతులు, జాలరులు తమ విశ్వాసాన్ని తరతరాలకు అందించారు. ఈ కొనసాగింపులో శ్రమకాల ఆచరణకు, ఆ కాలాన్ని లెక్కగట్టిన పంచాంగానికి ఉన్న పాత్రను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఏటా బలవంతంగా జరిగిన విశ్వాస పరీక్షకూ, శ్రమకాలపు పశ్చాత్తాపానికీ మధ్య ఉన్న సంబంధాన్ని కూడా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: శ్రమకాలం, తపస్సు కాలం, జపాన్ రహస్య క్రైస్తవులు, బస్తియన్ పంచాంగం, ఫుమియే, ఉరకామి, నాగసాకి, మతసహనం.

1. ఉపోద్ఘాతం:

ఈస్టరుకు ముందు వచ్చే నలభై దినాల ఉపవాస ప్రార్థనల కాలాన్ని తెలుగు క్రైస్తవులలో ప్రొటెస్టంట్లు శ్రమకాలమని, శ్రమదినాలని అంటారు. కథోలికులు తపస్సు కాలమని వ్యవహరిస్తారు. మొదటి పేరు క్రీస్తు అనుభవించిన బాధలను గుర్తుచేస్తుంది. రెండోది విశ్వాసి చేయవలసిన సాధనను తెలుపుతుంది. జపాన్‌లోని రహస్య క్రైస్తవులు ఇదే కాలాన్ని ‘కనషిమి’ అని పిలుచుకున్నారు. ఆ మాటకు దుఃఖం, శోకం అని అర్థం. బూడిద బుధవారం వారికి ‘శోకంలో ప్రవేశం’. ఈస్టరు ‘శోకం ముగింపు’. పరాయిభాషల నుంచి వచ్చిన అనేక మతపదాలను ఉన్నవి ఉన్నట్లే జపించిన ఈ సమాజం, ఈ ఒక్క కాలానికి మాత్రం తమ ఇంటి మాటనే పెట్టుకోవడం గమనింపదగిన విషయం. అణచివేతలో గడిచిన వారి బతుకుకు ఆ మాట దగ్గరైనది.

2. చారిత్రక నేపథ్యం:

ఫ్రాన్సిస్ జేవియర్ గోవా నుంచి బయలుదేరి 1549 ఆగస్టు 15న జపాన్‌లోని కగోషిమాలో దిగాడు. అంతకు ముందు ఏడాది గోవాలోనే జ్ఞానస్నానం పొందిన అంజిరో అనే జపనీయుడు ఆయనకు తోడుగా వచ్చాడు. తర్వాతి దశాబ్దాలలో దక్షిణ జపాన్‌లోని కొందరు ప్రభువులు క్రైస్తవాన్ని స్వీకరించారు. వారిలో ఒకడైన ఓమురా సుమితాదా 1580లో నాగసాకి రేవును జెస్విట్ గురువులకు అప్పగించాడు.

ఈ తొలిదశను కేవలం ఆదరణ కథగా చెప్పడం సరికాదు. ఓమురా రాజ్యంలో 1574 ప్రాంతంలో బౌద్ధాలయాలను, షింటో ఆలయాలను తగులబెట్టారు. ప్రజలను సామూహికంగా మతం మార్పించారు. అధికారం అండగా ఉన్నప్పుడు క్రైస్తవం వైపునుంచి కూడా అసహనం కనిపించింది. అధికారం ఎదురు తిరిగినప్పుడు ఆ భారం పేద విశ్వాసుల మీద పడింది.

జపాన్ ఏకీకరణకు పూనుకున్న తొయొతోమి హిదెయోషి 1587లో మిషనరీలు దేశం విడిచిపోవాలని ఆజ్ఞాపించాడు. 1597 ఫిబ్రవరి 5న నాగసాకిలోని నిషిజాకా గుట్టపై 26 మందిని సిలువ వేశారు. వారిలో మన వసయిలో పుట్టిన గొన్సాలో గార్సియా ఒకడు. యూరోపు రాజ్యాల ఆక్రమణ భయం, ప్రజల విధేయత తమకు తప్ప వేరెవరికీ చెందరాదన్న పాలకుల పట్టుదల కలిసి 1614లో దేశవ్యాప్త నిషేధానికి దారితీశాయి.

1637 చివర షిమబరా, అమకుసా ప్రాంతాల రైతులు తిరగబడ్డారు. మోయలేని పన్నులు, ఆకలి, మతహింస మూడూ ఆ తిరుగుబాటుకు కారణాలే. తిరుగుబాటుదారులు హారా కోటలో తలదాచుకోగా ప్రభుత్వ సేనలు ముట్టడించాయి. 1638లో ఈస్టరు ఏప్రిల్ 4న వచ్చింది. అంటే ఆ ఏటి శ్రమకాలమంతా వారికి ముట్టడిలోనే, తిండి తరిగిపోతున్న కోటలోనే గడిచింది. ఏప్రిల్‌లోనే కోట కూలింది. లోపలివారిని దాదాపు అందరినీ చంపేశారు. మరుసటి ఏడాది పోర్చుగీసువారిని దేశం నుంచి వెళ్లగొట్టారు. 1644లో మాన్షియో కొనిషి వధతో దేశంలో మిగిలిన చివరి గురువు కూడా లేకుండా పోయాడు.

3. నిఘా వ్యవస్థ:

నిషేధాన్ని అమలు చేయడానికి తొకుగావా ప్రభుత్వం మూడు పద్ధతులను వాడింది. మొదటిది ఆలయ నమోదు. ప్రతి కుటుంబమూ ఏదో ఒక బౌద్ధాలయంలో పేరు రాయించుకోవాలి. చావు కర్మలు ఆ ఆలయ భిక్షువు చేతనే జరగాలి. రెండోది అయిదిళ్ల జట్టు. ఒక ఇంట్లో క్రైస్తవం బయటపడితే మిగతా ఇళ్లూ శిక్షకు గురయ్యేవి. క్రైస్తవులను పట్టిచ్చినవారికి వెండి బహుమతి ప్రకటిస్తూ ఊరూరా పలకలు నిలిపారు. మూడోది ఫుమియే. క్రీస్తు లేదా మరియమాత ప్రతిమను నేలపై ఉంచి, ఊళ్లో అందరిచేతా తొక్కించేవారు. నాగసాకి ప్రాంతంలో ఇది ఏటా కొత్త సంవత్సరపు తొలి నెలలో జరిగేది.

ఈ వ్యవస్థ వెతికినవి కంటికి కనబడే గుర్తులే. ప్రతిమ, జపమాల, గ్రంథం, గురువు, గుమికూడిన జనం దానికి దొరికే ఆధారాలు. దానికి దొరకకుండా మిగిలిన ఆచారాలే విశ్వాసానికి ఆశ్రయమయ్యాయి.

4. బస్తియన్ పంచాంగం:

సోతోమే ప్రాంతపు సంప్రదాయం ప్రకారం బస్తియన్ అనే జపనీయ ఉపదేశి క్రైస్తవ పండుగల తేదీలను జపాన్ చాంద్రమానానికి అన్వయించి ఒక పంచాంగాన్ని రూపొందించాడు. 1634వ సంవత్సరపు క్రైస్తవ పంచాంగం దానికి ఆధారమంటారు. బస్తియన్ పట్టుబడి, దీర్ఘకాలం చెరలో హింసలు పడి, శిరచ్ఛేదానికి గురయ్యాడని, ఏడు తరాల తర్వాత పాపసంకీర్తనం వినే గురువులు పెద్ద నల్ల ఓడలో వస్తారని చెప్పి పోయాడని ఆ ప్రాంతపు మౌఖిక కథనం.

ఈ పంచాంగాన్ని నిలపడం ఎంత కష్టమో తెలుగు పాఠకులకు సులభంగా బోధపడుతుంది. జపాన్ పాత పంచాంగం కూడా మన చాంద్రమానం లాంటిదే. నెలలు చంద్రుని బట్టి నడుస్తాయి. రుతువులతో పొత్తు కుదరడానికి అధికమాసాలు వస్తాయి. వసంత విషువత్తు తర్వాతి పౌర్ణమిని అనుసరించి వచ్చే ఆదివారం ఈస్టరు. చాంద్రమానంలో పౌర్ణమిని గుర్తించడం తేలికే. ఆదివారాన్ని గుర్తించడం కష్టం. అప్పటి జపాన్ సామాన్య జీవితం ఏడు రోజుల వారం మీద నడిచేది కాదు. ప్రభుత్వ కార్యాలయాలకు ఆదివారం సెలవు 1876లోగాని రాలేదు. కాబట్టి చుట్టూ ఎవరికీ పట్టని వారాన్ని ఈ గ్రామాలవారు తమలో తామే లెక్కపెట్టుకోవలసి వచ్చింది. ఆదివారానికి వారు వాడిన ‘దొమింగో’ అనే మాట పోర్చుగీసు నుంచి వచ్చినదే.

ఉరకామి గ్రామంలో ఈ పనికోసం ఒక రహస్య వ్యవస్థ ఉండేది. పంచాంగం చూసి పండుగలను, ఉపవాస దినాలను నిర్ణయించే పెద్దను ‘చోకాతా’ అన్నారు. జ్ఞానస్నానం ఇచ్చేవాడు ‘మిజుకాతా’. చోకాతా నిర్ణయాన్ని ఇంటింటికీ చేరవేసేవాడు ‘కికియాకు’. గురువు లేని చోట పంచాంగం చూసే పెద్దే సమాజానికి కేంద్రమయ్యాడు. 1856లో జరిగిన అరెస్టులలో ఉరకామి చోకాతా కిచిజో పట్టుబడి చెరలో మరణించాడు. అయినా లెక్క ఆగలేదు.

5. శ్రమకాలం, ఫుమియే, పశ్చాత్తాపం:

క్రైస్తవ సంవత్సరంలో దివ్యబలిపూజకు గురువు కావాలి. ఊరేగింపులకు వీధి కావాలి. శ్రమకాలానికి ప్రధానంగా కావలసినది మానుకోవడం. ఉపవాసం ఉన్న ఇంటికీ, తిండి లేని ఇంటికీ బయటినుంచి తేడా తెలియదు. సోతోమే రాతినేలల్లో చిలగడదుంపలపై బతికిన రైతు ఒక పూట తినకపోతే ఏ అధికారికి అనుమానం కలుగుతుంది? పేదరికమే వారి భక్తికి ముసుగైంది. 1797 నుంచి సోతోమే రైతులు ఇంకా బీదదైన గోతో దీవుల భూముల్లోకి వలసవెళ్లినప్పుడు ఈ పంచాంగమూ వారితో వెళ్లింది.

ఈ ఆచరణలో అతి క్లిష్టమైన అంశం ఫుమియే. ఏటా ప్రతిమను తొక్కినవారిని క్రైస్తవులనవచ్చునా? తొక్కనివారు మరణించారు, తొక్కినవారి సంతతే 1865 వరకు విశ్వాసాన్ని నిలిపింది. ఈ వైరుధ్యాన్ని వారు ఎలా భరించారో తెలుసుకోవడానికి ‘కొంచిరిసాన్’ అనే మాట ఆధారం. ఇది సంపూర్ణ పశ్చాత్తాపమనే అర్థంగల పోర్చుగీసు మాటకు జపనీయ రూపం. 1603లో ఈ విషయంపై వెలువడిన చిన్న గ్రంథం చేతిరాత ప్రతులుగా, కంఠస్థంగా ఈ గ్రామాలలో నిలిచింది. గురువు దొరకనప్పుడు నిండు మనసుతో పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడన్నది దాని సారాంశం. ప్రతిమను తొక్కి ఇంటికి వచ్చినవారు ఈ జపమే చెప్పుకునేవారు.

ఫుమియే చాంద్రమాన సంవత్సరపు తొలి నెలలో జరిగేది. బూడిద బుధవారం ఫిబ్రవరి తొలివారం, మార్చి రెండోవారం మధ్య వస్తుంది. అంటే చాలా ఏళ్లలో అవమానపు తొక్కుడు, శోకకాలపు ఆరంభం దగ్గర దగ్గరగా వచ్చేవి. ఈ వరుసను ఎవరూ ఉద్దేశపూర్వకంగా ఏర్పరచలేదు. అయినా ఏటా జరిగే పతనం, ఏటా జరిగే పశ్చాత్తాపం ఒకదాని వెంట ఒకటి వచ్చే జీవితచక్రం దానివల్ల ఏర్పడింది. శ్రమకాలం వారికి క్రీస్తు శ్రమల స్మరణ మాత్రమే కాదు. తమ పాదాలు చేసిన పనికి తమ హృదయం చెప్పుకున్న సంజాయిషీ.

6. 1865 మార్చి 17:

1858 ఒప్పందాల తర్వాత విదేశీయుల కోసం నాగసాకిలో ఓఊరా చర్చి నిర్మించి, 1865 ఫిబ్రవరి 19న ప్రతిష్ఠించారు. మార్చి 17, శుక్రవారం నాడు ఉరకామి నుంచి పదిహేనుమంది దాకా స్త్రీపురుషులు అక్కడికి వచ్చారు. వారిలో ఒక స్త్రీ ఫ్రెంచి గురువు బెర్నార్ పెతిజాన్ దగ్గరకు వచ్చి, తమ మనసు కూడా ఆయన మనసు లాంటిదేనని మెల్లగా చెప్పింది. మరియమాత ప్రతిమ ఎక్కడ ఉందని అడిగింది. పదకొండో నెల 25న యేసు జన్మదినాన్ని పాటిస్తామని, తాము ఇప్పుడు శోకకాలపు 17వ రోజులో ఉన్నామని, ఆ దినాలను మీరూ పాటిస్తారా అని వారు గురువును ప్రశ్నించినట్లు పెతిజాన్ నమోదు చేశాడు.

ఆ సంవత్సరం ఈస్టరు ఏప్రిల్ 16న, బూడిద బుధవారం మార్చి 1న వచ్చాయి. మార్చి 1 నుంచి లెక్కిస్తే మార్చి 17 సరిగ్గా 17వ రోజు. చివరి గురువు మరణించి రెండు వందల ఏళ్లు దాటినా లెక్క ఒక్క రోజు తప్పలేదు. పెతిజాన్‌కు వారు చూపిన గుర్తింపు పత్రం ఆ సంఖ్యే అనవచ్చు.

7. చివరి పరీక్ష:

గురువులు దొరికారన్న ధైర్యంతో ఉరకామి ప్రజలు బౌద్ధభిక్షువు లేకుండానే తమవారి అంత్యక్రియలు జరపసాగారు. 1867 జూలైలో ఒక రాత్రి 68 మందిని నిర్బంధించారు. హింసలకు తాళలేక చాలామంది విశ్వాసాన్ని వదులుకుంటామని ఒప్పుకున్నారు. తకాగి సెన్ఎమోన్ మాత్రం ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవారు ఇళ్లకు చేరాక ఆ మాటను వెనక్కి తీసుకున్నారు. తరతరాల పతనం, పశ్చాత్తాపం అనే క్రమం ఇక్కడ మొదటిసారి అధికారుల ఎదుట బహిరంగమైంది.

1868లో ఏర్పడిన మెయిజీ ప్రభుత్వం నిషేధాన్ని కొనసాగించింది. ఆ ఏడాది నుంచి 1870 వరకు ఉరకామి గ్రామస్థులను దాదాపు 3,400 మందిని దేశంలోని వివిధ ప్రాంతాలకు ప్రవాసం పంపింది. త్సువానో లాంటి చోట్ల గడ్డకట్టిన చెరువు నీళ్లలో ముంచడం, కదలడానికి వీల్లేని బోనుల్లో పెట్టడం వంటి హింసలు జరిగాయి. ఆకలి, రోగం, హింసల వల్ల 600 మందికి పైగా మరణించారు. ఈ ప్రవాసాన్ని ఆ ప్రజలు ‘తాబి’, అంటే ప్రయాణం అని చెప్పుకున్నారు.

పాశ్చాత్య దేశాల నిరసన, ఒప్పందాల సవరణ అవసరం కారణంగా 1873 ఫిబ్రవరి 24న నిషేధపు పలకలను తొలగించారు. ఆ ఏటి బూడిద బుధవారం ఫిబ్రవరి 26. పలకలు దిగిన రెండు రోజులకే, రెండున్నర శతాబ్దాల తర్వాత పలకలు లేని తొలి శ్రమకాలం మొదలైంది. తిరిగివచ్చినవారికి పాడుపడ్డ ఇళ్లు, దున్నడానికి పనిముట్లు లేని పొలాలు మిగిలాయి. వారు 1880లో ఒకప్పుడు ఫుమియే జరిగిన గ్రామాధికారి ఇంటిని కొని ప్రార్థనాస్థలంగా మార్చుకున్నారు. తర్వాత అదే స్థలంలో ఉరకామి మహాదేవాలయాన్ని నిర్మించారు.

8. ముగింపు:

- నిషేధకాలంలో రహస్య క్రైస్తవుల విశ్వాసానికి పంచాంగం ప్రధానాధారమైంది. కాలాన్ని లెక్కించే పెద్ద గురువు స్థానాన్ని కొంతమేరకు భర్తీ చేశాడు.
- శ్రమకాల ఆచరణ బాహ్య చిహ్నాలపై ఆధారపడకపోవడం వల్ల నిఘాకు దొరకలేదు. పేదరికం ఆ ఆచరణను దాచింది.
- ఫుమియే, కొంచిరిసాన్, శోకకాలం కలిసి ఏటా పునరావృతమయ్యే చక్రంగా పనిచేశాయి. ప్రతిమను తొక్కినవారిని మతభ్రష్టులుగా మాత్రమే చూస్తే ఈ చరిత్రలో అధికభాగం కనబడకుండా పోతుంది.
- 1873 తర్వాత అందరూ కథోలిక సంఘంలో చేరలేదు. పూర్వుల పద్ధతినే కొనసాగించిన కుటుంబాలు ఇకిత్సుకి వంటి దీవుల్లో మిగిలాయి. నాగసాకి ప్రాంతపు రహస్య క్రైస్తవ స్థలాలు 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి.

ప్రాణం పోగొట్టుకున్నవారి చరిత్ర సులభంగా గ్రంథాలకెక్కుతుంది. ప్రాణం నిలుపుకుని, తలవంచి, ఇంట్లో కూర్చుని రోజులు లెక్కపెట్టినవారి చరిత్రకు ఆధారాలు తక్కువ. ఉరకామి రైతులు చెప్పిన ఆ ఒక్క సంఖ్య అటువంటి అరుదైన ఆధారాలలో ఒకటి.