‘ఇంకా వుంది’ : చందమామ సాహసగాథలు, పాఠకుల తగవులు

2025 డిసెంబరులో ఒకనాడు తెనాలినుండి రేపల్లెకు పోవు ప్యాసింజరు బండిలో నాకెదురుగా ముగ్గురు యువకులు కూర్చుండిరి. బండి జంపని చేరకమునుపే వారి నడుమ గొప్ప వాగ్వాదము చెలరేగినది. వివాదవిషయ మొక వీడియో గేము. అది అప్పటికింకను వెలువడలేదు. 2013లో అయిదవ భాగము వచ్చిన గ్రాండ్ తెఫ్ట్ ఆటో అను నాటకు ఆరవ భాగమట. 2023 డిసెంబరులో తొలి ప్రకటనచిత్రమును చూపిరి. 2025లో రావలసిన యాట 2026 మే నెలకు, అచ్చటినుండి మరల నవంబరుకు జరిగినది. ఇట్టి యాటలలో ఆడువాడు కథవెంటనే నడువనక్కరలేదు. ఆ కల్పిత నగరములో తనకు తోచిన వీధిని బట్టి, దొరికిన బండి నెక్కి, యిష్టము వచ్చినంతసేపు తిరుగవచ్చును. ఎన్నేండ్లు వేచినను తగునని ఒకడు, బొమ్మలకు మెరుగు పెట్టినంత మాత్రమున కథకు ప్రాణము రాదని రెండవవాడు వాదించుచుండిరి. మూడవవాడు, “అది ఆడే మెషీను కొనేది ఎవరురా?” అని యిద్దరినోళ్లును మూయించెను. వేమూరులో వారు దిగిపోయిరి. కంటబడని వస్తువుపై అంత మమకారము, అంత కోపము నాకు వింతగా తోచలేదు. ఇదే దారిలో, ఇట్టి తగవే, అరువదేండ్ల క్రిందట జరిగినట్లు చిన్నతనమున మా యింట విని యుంటిని.

మా మేనమామగారిది రేపల్లె. శ్రీకృష్ణుడు పెరిగిన పల్లెకు తెలుగువారు పెట్టుకొన్న పేరే తమ యూరికి గలదని ఆ యూరివారి కించుక గర్వము. ఆయన బాల్యములో నెల మొదటి దినములు వచ్చెనన్న పిల్లలకు రైలుస్టేషనే తీర్థస్థలము. పత్రికల కట్టలు మద్రాసునుండి తెనాలికి వచ్చి, అచ్చట బండి మారి రేపల్లెకు చేరవలెను. బాపట్ల పెద్దలైనుమీద నున్నది గనుక అచ్చటి పిల్లలకు చందమామ ముందుగా అందెడిది. బాపట్లలో మా పెద్దమ్మ యుండెను. ఆమె ముందుగా చదివి, కథ బయటపెట్టుచు కార్డు వ్రాయుటయు, ఈయన చదువకయే దానిని చింపివేయుటయు నెలనెలా జరుగుచుండెనట.

చందమామ 1947 జూలైలో మద్రాసునుండి తెలుగు తమిళములలో వెలువడెను. స్థాపకులు నాగిరెడ్డి, చక్రపాణి. చక్రపాణి యసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. 1908లో తెనాలిలో జన్మించినవాడు. క్షయవ్యాధితో మదనపల్లె చికిత్సాలయములో నుండగా వంగభాష నేర్చి, శరత్తు నవలలను తెనిగించెను. ఆ తెనుగెట్టిదనగా, శరత్తు తెలుగువాడే యని నమ్మినవారు మన పల్లెలలో నుండిరని చెప్పుదురు. 1952లో పత్రిక సంపాదకబాధ్యత వహించిన కొడవటిగంటి కుటుంబరావు గూడ తెనాలివాడే, 1909లో పుట్టినవాడు. దయ్యములను నమ్మని హేతువాది. అట్టివాడు ఇరువదియెనిమిదేండ్లు దయ్యముల కథలను, బేతాళుని ప్రశ్నలను దిద్ది అచ్చునకు పంపెను. ఇందు వైరుధ్యము నాకు గన్పట్టదు. మంత్రమును నమ్మనివానికే మంత్రము కథలో ఎంత మోతాదున నుండవలెనో బాగుగా తెలియును. గ్రీకు కవి హోమరు చెప్పిన ఓడప్రయాణమును ‘రూపధరుని యాత్రలు’ అను పేరుతో చందమామ పిల్లలకు చెప్పినది గదా. అందును ఒంటికంటి రాక్షసులు, మాయలాండ్రు కలరు.

అదే 1952లో ఇరువదేండ్లయినను నిండని మరియొక యువకుడు ఆ కార్యాలయములో చేరెను. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం, తెనాలి తాలూకాలో పుట్టినవాడు. 1954లో ప్రారంభమైన ‘తోకచుక్క’ మొదలుకొని, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ అనుచు, 1970ల చివరిదాక పండ్రెండు సాహస ధారావాహికలు ఆయన కలమునుండి వెలువడెను. వానికి బొమ్మలు గీసినవాడు చిత్రా.

ఈ కథల వైఖరిని కొంచెము వివరింపవలెను. కాశీమజిలీ కథలలో ఒక రాజకుమారుడు బయలుదేరును, కష్టములు పడును, రాజకుమార్తెను పెండ్లాడి యింటికి వచ్చును. దారి మనకు ముందే తెలియును. ‘తోకచుక్క’లో అట్లుగాదు. కుండలినీద్వీపముపై ఆకాశములో తోకచుక్క పొడచూపును. సేనాని సమరసేనుడు ఓడలతో బయలుదేరును. ఒక అపరిచిత ద్వీపములో నాలుగుకన్నుల మాంత్రికునకును ఒంటికంటి మాంత్రికునకును గల పగలో చిక్కుకొనును. అటుపై కథ ఎటు పోవునో చదువరి కెరుక లేదు. అడవి దాటిన కొండ, కొండ దాటిన లోయ, లోయలో పాడుబడిన గుడి, గుడిలో సొరంగము. దారిలో ఎదురైన అనామకుడైన యాటవికుడు మూడు నెలల తరువాత ముఖ్యపాత్రమగును. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి అడుగిడిన ప్రతి తావును క్రొత్తతావే. అడవిలో తిరిగెడి యీ స్వేచ్ఛయే పిల్లలకు మత్తు. మా మామ పాఠశాల భూగోళపుస్తకము వెనుక అట్టమీద ‘కంచుకోట’ అడవికి తానే పటము గీసి, ఏ గుట్టవద్ద ఎవడు దాగియున్నాడో గుర్తులు పెట్టుకొనెనట. ఆ అట్ట చూచి అయ్యవారు కొట్టిన దెబ్బలుగూడ ఆయనకు జ్ఞాపకమే.

ప్రతి భాగమును ఆపద నడిమింట తెగును. క్రింద ‘ఇంకా వుంది’ అని యుండును. నిజముగా చందమామ యప్పుడే ప్రారంభమగును. ఆ ముప్పది దినములు పిల్లలు అరుగులమీద కూర్చుండి, రాని భాగమును తామే కల్పించి, ఒకరి కల్పన నొకరు ఖండించుకొనెడివారు. ఒక ధారావాహిక ముగిసి మరియొకటి రాబోవుచున్న నెలలో ఈ తగవు తారస్థాయి నందును. పాతదానివంటిదే కావలెనని కొందరు. పాతదానివలె నుండరాదని కొందరు. ‘రాకాసిలోయ’కు మించిన దిక రాదని, రాబోవుదానిని చదువకముందే తీసివేయువారు కొందరు. పెద్దల మాట వేరు. క్షుద్రదేవతలు, బలులు, గుప్తనిధులు - ఇవి పసివారికి తగునా యని వారి శంక. పరీక్షలు దగ్గరబడిన యిండ్లలో ఆ శంక మరింత పెరుగుచుండెడిది.

విచిత్రమేమనగా, ఈ శంక పత్రిక కార్యాలయములోనే, సాక్షాత్తు చక్రపాణికే కలదని ఆ పత్రికతో దగ్గరి సంబంధము గలవారు చెప్పియున్నారు. 1951 మార్చిలో విడుదలయి తెలుగుదేశమును ఉఱ్ఱూతలూపిన ‘పాతాళభైరవి’ నిర్మాతలలో ఒకరు చక్రపాణియే. అందు మాంత్రికుడు లేడా, బలి లేదా, నిధి లేదా! కాని వెండితెరపై రెండున్నర, మూడు గంటలలో చచ్చిపోవు మాంత్రికుడు వేరు, నెలనెలా ఇంటికి వచ్చి పిల్లల పడకలప్రక్కన కూర్చుండు మాంత్రికుడు వేరు అని ఆయన తలంచెనేమో. 1960ల నడుమ ఆ సాహసగాథల వరుసను ఆపించి, దాని స్థానమున బంకించంద్రుని ‘దుర్గేశనందిని’ వేయించెను. 1865లో వచ్చిన నవల యది. మొగలాయిలకు పఠానులకు జరిగిన పోరు నడుమ జగత్‌సింహుడు, తిలోత్తమ, ఆయేషా అనువారి కథ. మంత్రములు లేవు, చరిత్ర, ప్రేమ, త్యాగము కలవు. వంగసాహిత్యమునందు తల మునిగినవాడు తన కత్యంత ప్రియమైనదానిని పిల్లలకు పెట్టెను. అందు కపటము లేదు.

మా యింట దాని ఫలిత మిది. మామకు అప్పుడు పదునొకండేండ్లు. మొదటి భాగము చూచి, మాంత్రికుడు రెండవ నెలలోనైన రాకపోవునా యని ఓపికపట్టెను. మూడవ నెలలోను రాలేదు. స్టేషనుకు పోవుట మానెను. తోటి బాలురు కొందరు పత్రికకు ఉత్తరములు వ్రాసిరి. ఒకడు చక్రపాణి తెనాలివాడని విని, ఆయన బంధువు లెవరో వెదకి చెప్పించవలెనని బయలుదేరి, టిక్కెట్టు లేక భట్టిప్రోలులో దింపబడెనట. బాపట్లలో మా పెద్దమ్మకుమాత్రము అది స్వర్గము. తనను ప్రేమింపని వాని ప్రాణము కాపాడి, తన ప్రేమను లోలోన అణచుకొన్న ఆయేషాకొఱకు ఆమె కన్నీరు గార్చెను. “మీ దయ్యాలకంటే వెయ్యిరెట్లు నయం” అని తమ్మునికి వ్రాసిన కార్డును ఆయన ఈసారి చింపలేదు. తరువాత తగవులో సాక్ష్యముగా నుండునని దాచుకొనెను.

పత్రిక ప్రచారము తగ్గుటచేత సాహసగాథలు మరల వచ్చినవని చెప్పుదురు. ‘పాతాళదుర్గం’, దాని వెనుక ‘శిథిలాలయం’. ఇట్టిది ఇతరదేశములందును జరిగినదే. 1893లో కానన్ డాయిల్ తన డిటెక్టివు షెర్లాక్ హోమ్సును జలపాతములో పడద్రోసి, తాను గౌరవముగా నెంచిన చారిత్రక నవలలకు పూనుకొనెను. వేలకొలది పాఠకులు ఆ పత్రిక చందాలు మానుకొనిరని ప్రతీతి. 1901లో హోమ్సు మరల అచ్చులో గనబడెను. రెండేండ్లకు పూర్తిగా బ్రతికియే వచ్చెను. రచయితకు ప్రియమైనదియు, పాఠకునకు ప్రియమైనదియు ఒకటి కాకపోవుట క్రొత్త గాదు.

మరి ఎవరిది న్యాయము? నేను నలుబది దాటిన పిమ్మట రెంటిని మరల చదివితిని. చక్రపాణి సంశయము నిరాధారము గాదు. ఆ పండ్రెండింటిని వరుసగా చదివినచో మాంత్రికుల పోలికలు, బంధించుట, తప్పించుకొనుట, మరల బంధించుట విసుగు పుట్టించును. స్త్రీపాత్రములు మిక్కిలి తక్కువ. మా పెద్దమ్మ అలుకకు అదియే కారణమేమో నని ఇప్పుడు తోచుచున్నది. అడవిదారిని రాజకుమార్తెను రక్షింప బోవు వీరుని చూచుటకంటె, ఆయేషా మనసులోని పోరును చూచుట ఆమెకు నిజమైన సాహసము. కాని ఆ కథలలో ఆటవికులు కేవలము అలంకారముగా లేరు. శిఖిముఖి సవరవాడు, కథకు నాయకుడే. రాజులు భయపడుదురు, సేనానులు దారి తప్పుదురు, కొండవాడు దారి చూపును. ఇట్టి సంగతి ఆ కాలపు పిల్లల పుస్తకములలో తఱచుగా గన్పట్టదు. కుటుంబరావు వానిని కొనసాగనిచ్చుటలో ఆ గుణమునకు కొంత పాలు కలదని నా యూహ.

ఇంత తగవులాడినవారిలో ఒక్కరికిని తెలియని విషయ మొకటి కలదు. ఆ ధారావాహికలపై రచయిత పేరుండెడిది కాదు. చందమామ సంప్రదాయమది, కథ పత్రికది, పేరు లేదు. చిత్రా సంతకము బొమ్మ మూలలో గనబడును గనుక పిల్లలు ఆయననే కర్తగా నెంచిరి. పదికి మించిన భాషలలో అనువదింపబడి, దేశమంతటను బాలురు ఎదురుచూచిన యా లోకమును సృష్టించినవాడు తమ తాలూకావాడేనని తెనాలిలోగాని, రేపల్లెలోగాని, బాపట్లలోగాని వారెరుగరు. 1978లో చిత్రా మరణించెను. ఆ దశాబ్దముతోనే సాహసగాథల వరుసయు ముగిసెను. 1980లో కుటుంబరావు గతించెను. సుబ్రహ్మణ్యంమాత్రము అర్ధశతాబ్దమునకు పైగా అదే కార్యాలయములో నుండి, ఇతరుల కథలు దిద్దుచు, పేరులేకయే పని చేసెను. 2000 తరువాతనే పాత పాఠకులు ఒకరినొకరు వెదకుకొని, పాత సంచికలు పోగుచేసికొని, ఆయన యెవరో కనుగొనిరి. 2010 జనవరిలో ఆయన విజయవాడలో కన్నుమూసెను. మరి రెండు మూడేండ్లకు చందమామ వెలువడుటయు ఆగెను.

మా మామ బాల్యములో సంచికలనుండి ధారావాహిక పుటలను విప్పి, దబ్బనముతో కుట్టి, పాత కేలండరు అట్ట వేసి పుస్తకములు చేసికొనియుండెను. చెదలు తినగా మిగిలినవి రెండు: ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’. ‘దుర్గేశనందిని’గూడ కలదు; అది పెద్దమ్మ కుట్టినది, ఆమె పోయినపిమ్మట ఈయనకు చేరినది. 2010లో మరణవార్త పత్రికలో చదివిన నాడు ఆయన నన్ను పిలిచి, “ఒరే అబ్బాయీ, నీ పెన్ను ఇటియ్యి. నాది పత్తి పట్టింది” అనెను. కండ్లజోడు సవరించుకొని, రెండు పుస్తకముల తొలిపుటపైనను, బొమ్మకు తగులకుండ, నిదానముగా దాసరి సుబ్రహ్మణ్యం అని వ్రాసెను. క్రింద ఊరిపేరు వ్రాయవలెనా యని అడిగితిని. కొంతసేపు ఆలోచించి, “తెనాలి తాలూకా అని వ్రాద్దాం. అప్పుడు తాలూకాలే కదా” అని, అదియు వ్రాసెను.