తుపాకి మడమలో రంగూన్ నూనె

1857 అనగానే మనవాళ్లకు కొవ్వు పూసిన తూటాలు గుర్తుకు వస్తాయి. ఆవు కొవ్వా, పంది కొవ్వా అన్న అనుమానం దేశాన్నే మండించింది. అసలా కందెన పని చాలా చిన్నది. ఎన్‌ఫీల్డు తుపాకి గొట్టంలోకి గుండు సులువుగా జారాలి, లోపల పేరుకున్న మసి మెత్తబడాలి, అంతే. దానిమీద పుస్తకాలకు లోటు లేదు. అదే సైన్యం తర్వాత దశాబ్దాల తరబడి తుపాకులకు రాసిన మరో నూనెను మాత్రం ఎవరూ పెద్దగా తలుచుకోరు. దాని పేరు రంగూన్ నూనె. దానికీ తెలుగువారికీ చుట్టరికం ఉంది.

ఎగువ బర్మాలో, ఐరావతి నది ఒడ్డున యెనాంజాంగ్ అనే ఊరి దగ్గర నేల నూనె బావులను చేతులతోనే తవ్వేవారు. 1795లో ఆ దారిన వెళ్లిన ఇంగ్లీషు రాయబారి మైకేల్ సైమ్స్ వాటి గురించి రాశాడు. 1850ల్లో ఆ నూనె లండన్ చేరింది. ప్రైసెస్ కంపెనీవారు దానినుంచి మైనం తీసి కొవ్వొత్తులు చేశారు. (పేరుకే కొవ్వొత్తులు, కొవ్వు లేదు!)

తుపాకులకు ఇది ఎందుకు నచ్చింది? అంతకుముందు ఆలివ్ నూనె, తిమింగిలపు నూనె, జంతువుల కొవ్వు వాడేవారు. నాలుగు రోజులు గాలి తగిలితే అవి ముక్కిపోతాయి, ఆమ్లం పుట్టి ఉక్కును తింటుంది. మన దీపపు కుంది అంచున నువ్వుల నూనె బంకగా గడ్డకట్టడం అందరం చూసిందే. నేల నూనెకు ఆ జబ్బు లేదు. అందుకే లీ-ఎన్‌ఫీల్డు తుపాకి మడమలో చిన్న తొర్ర చేసి, అందులో ఇత్తడి నూనె సీసా, గొట్టం తుడిచే గుడ్డను లాగే తాడు పెట్టారు.

అయితే నూనె కాపాడుతుందే గాని కడగదు. ఈ సంగతి సిపాయిలకు శాస్త్రజ్ఞులకంటే ముందే తెలుసు. కాల్పులు అయ్యాక గరాటు పెట్టి గొట్టంలో సలసల కాగే నీళ్లు పోసేవారు, ఆరాక తుడిచి అప్పుడు నూనె రాసేవారు. అలా చేయకుండా ఎంత మంచి నూనె రాసినా తెల్లవారేసరికి తుప్పే. ఎందుకన్నది 1922లో అమెరికా గనుల శాఖకు చెందిన విల్బర్ట్ హఫ్ తేల్చాడు. తూటా అడుగున నిప్పు రాజేసే మందులోని పొటాషియం క్లోరేటు, పేలాక పొటాషియం క్లోరైడుగా మారి గొట్టానికి పట్టుకుంటుంది. అది మన ఉప్పుకు తోబుట్టువు, గాలిలో చెమ్మను లాగుతుంది. నూనెలో ఉప్పు కరగదు, నీళ్లలో కరుగుతుంది. నీళ్లు మరిగినవైతే ఇనుము వేడెక్కి తడి వెంటనే ఆరిపోతుంది కూడా. ఉప్పు మిగల్చని తూటాలు వచ్చేదాకా వేడినీళ్లకు సాటి వచ్చిన మందు లేదనే నా అభిప్రాయం.

ఇక చుట్టరికం మాట. 1886లో ఏర్పడిన బర్మా ఆయిల్ కంపెనీ రంగూన్‌కు నది అవతల సిరియంలో నూనె శుద్ధి చేసేది. కాకినాడ, విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి మేస్త్రీల వెంట ఓడలెక్కిన మనవాళ్లు అక్కడి రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో, నూనె కర్మాగారాల్లో కూలికి కుదిరారు. కోరంగి రేవు పేరుమీద బర్మావారు వాళ్లను "కోరంగీలు" అన్నారు, గౌరవంగా కాదు.

1942 మార్చిలో జపాను సైన్యం దగ్గరకు రాగానే బ్రిటిషువారే సిరియం కర్మాగారాన్ని తగలబెట్టారు. కూలీలు వేలాదిగా ప్రోం నుంచి టాంగప్ కనుమ దాటి, అరకాన్ మీదుగా కాలినడకన బయలుదేరారు. కలరాతో దారిలోనే ఎందరో పోయారు. యుద్ధం తర్వాత కంపెనీ తన ఆస్తినష్టానికి దావా వేసింది. 1964లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కంపెనీకి అనుకూలంగా తీర్పు చెప్పింది. 1965లో పార్లమెంటు చట్టం చేసి ఆ తీర్పు చెల్లకుండా చేసింది. నడిచి వచ్చిన కూలీల కష్టం ఆ దావాలో అంశమే కాదు.

మన సభ్యుల్లో రంగూన్ నుంచి తిరిగివచ్చిన కుటుంబాలవారు ఉంటే, తమ పెద్దలు సిరియంలో ఏ పని చేశారో, ఏ దారిన ఇల్లు చేరారో రాసి పంపమని మనవి.