ఢిల్లీలో వ్యాపారం: రాజధానిలో దుకాణం, ఫ్యాక్టరీ నడపడంపై యజమానులు ఏమంటున్నారు?

దేశ రాజధానిలో అడ్రస్ ఉండటం ఏ కంపెనీకైనా పరపతే. కేంద్ర మంత్రిత్వ శాఖలు, సుప్రీంకోర్టు, కాంపిటీషన్ కమిషన్, ట్రాయ్ వంటి నియంత్రణ సంస్థలు అన్నీ అక్కడే ఉన్నాయి. తలసరి ఆదాయం జాతీయ సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ కాబట్టి కొనేవాళ్లకూ కొదవలేదు.

అయినా ఢిల్లీ వ్యాపారుల దగ్గర ఎక్కువగా వినిపించే మాటలు వేరు. సీలింగ్, కన్వర్షన్ చార్జీలు, గ్రాప్, నో ఎంట్రీ. ఖర్చు ఎక్కువన్న ఫిర్యాదు ఉంది. అంతకంటే పెద్ద ఫిర్యాదు నిలకడ లేదన్నది. ఇవాళ నడుస్తున్న దుకాణం కొన్నేళ్ల తర్వాత కూడా ఇదే చోట చట్టబద్ధంగా ఉంటుందా అన్న ప్రశ్నకు రెండు దశాబ్దాలుగా అక్కడ గట్టి జవాబు లేదు.

ఇన్ని ఇబ్బందులున్నా ఢిల్లీనే ఎందుకు?

ఒకే మాటలో చెప్పాలంటే, మార్కెట్. మసాలా దినుసులకు ఖారీ బావలీ, రెడీమేడ్ దుస్తులకు గాంధీనగర్, కంప్యూటర్లకు నెహ్రూ ప్లేస్, విద్యుత్ సామాన్లకు భగీరథ్ ప్యాలెస్, వాహనాల విడిభాగాలకు కశ్మీరీ గేట్, పండ్లు కూరగాయలకు ఆజాద్‌పూర్ మండీ. ఉత్తరాది రాష్ట్రాల చిల్లర వ్యాపారులు సరకు కోసం ఇక్కడికే వస్తారు. ఈ హోల్‌సేల్ బజార్లలో దుకాణం అంటే తరాలుగా కూడబెట్టుకున్న ఖాతాదారులు, అరువు మీద నడిచే నమ్మకం. దాన్ని మరో ఊరికి తరలించడం తేలిక కాదు.

దేశ విభజన తర్వాత పాకిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాలు కరోల్ బాగ్, లజ్‌పత్ నగర్ వంటి చోట్ల స్థిరపడి వ్యాపారాలు పెంచుకున్నాయి. కింద దుకాణం, పైన ఇల్లు అక్కడ మామూలే. తర్వాత వచ్చిన వివాదాలకు చాలావరకు మూలం ఈ కలగలుపే.

ఒక్క దుకాణానికి ఎందరు అధికారులు?

రాజ్యాంగంలోని 239ఏఏ అధికరణ ప్రకారం ఢిల్లీకి శాసనసభ ఉన్నా పోలీసు, శాంతిభద్రతలు, భూమి దాని పరిధిలో లేవు. పోలీసులు కేంద్ర హోం శాఖ కింద, మాస్టర్ ప్లాన్ తయారుచేసే ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ (డీడీఏ) కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ కింద ఉంటాయి. ట్రేడ్ లైసెన్సులు, సీలింగ్ మున్సిపల్ కార్పొరేషన్ చూస్తుంది. కన్నాట్ ప్లేస్, ఖాన్ మార్కెట్ ప్రాంతాలు న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్ పరిధిలోకి వస్తాయి. కాలుష్యం విషయంలో మొత్తం రాజధాని ప్రాంతానికి మరో కమిషన్ ఉంది.

ఒక సంస్థ ఇచ్చిన అనుమతి మరో సంస్థ దగ్గర పనిచేయకపోవడం యజమానుల పాత ఫిర్యాదు. ఇందులో కొంత ఊరట 2025 జూన్‌లో వచ్చింది. హోటళ్లు, రెస్టారెంట్లు, ఆడిటోరియంలు, స్విమ్మింగ్ పూల్స్ సహా 7 రకాల వ్యాపారాలకు లైసెన్సు ఇచ్చే అధికారాన్ని ఢిల్లీ పోలీసుల నుంచి తప్పించారు.

రాజధాని కావడం వల్ల వచ్చే ఇబ్బందులు వేరే ఉన్నాయి. జీ20 సదస్సు కోసం 2023 సెప్టెంబర్ 8 నుంచి 10 వరకు న్యూఢిల్లీ ప్రాంతంలో దుకాణాలు మూసేశారు. గణతంత్ర దినోత్సవం, రిహార్సళ్లు, వీఐపీల రాకపోకలు ఏటా ఉండేవే.

సీలింగ్ ఎలా మొదలైంది?

పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 168 ప్రమాదకర పరిశ్రమలను ఢిల్లీ నుంచి తరలించాలని 1996 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత ఇళ్ల మధ్య ఉన్న చిన్న ఫ్యాక్టరీల వంతు వచ్చింది. వాటికి నగర శివార్లలోని బవానా, నరేలాల్లో ప్లాట్లు కేటాయించారు.

దుకాణాలపై దెబ్బ 2006 ఫిబ్రవరిలో పడింది. నివాస స్థలాల్లో నడుస్తున్న వ్యాపారాలను సీల్ చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించి, పర్యవేక్షణకు భూరేలాల్, కె.జె. రావు, మేజర్ జనరల్ సోమ్ ఝింగన్‌లతో కమిటీ వేసింది. వ్యాపారులు బంద్‌లు చేశారు. ఆ సెప్టెంబర్‌లో సీలంపూర్ నిరసనల సమయంలో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

2007 ఫిబ్రవరిలో వచ్చిన మాస్టర్ ప్లాన్-2021, గుర్తించిన రోడ్లపై ఇళ్లలో దుకాణాలకు అనుమతిచ్చింది. అందుకు కన్వర్షన్, పార్కింగ్ చార్జీలు కట్టాలి. డబ్బు కట్టించుకున్నారు గానీ పార్కింగ్ స్థలాలు రాలేదన్నది మార్కెట్ సంఘాల ఆరోపణ. 2017 డిసెంబర్‌లో చార్జీలు బకాయి ఉన్న దుకాణాలతో సీలింగ్ మళ్లీ మొదలైంది. కమిటీ పరిధి దాటిందన్న వాదన కూడా కోర్టుకు వెళ్లింది. నివాసానికే వాడుతున్న ప్రైవేటు స్థలాల్లోని ఇళ్లను సీల్ చేసే అధికారం కమిటీకి లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

పదే పదే పొడిగించే రక్షణ

2006లోనే పార్లమెంటు ఏడాది గడువుతో ఒక ప్రత్యేక చట్టం చేసింది. తర్వాత మళ్లీ మళ్లీ చట్టాలు, సవరణలు తెచ్చి ఆ రక్షణను కొనసాగిస్తూ వచ్చింది. అనధికార కాలనీలు, గ్రామ ఆబాదీ, కొన్ని రకాల గోదాముల వంటివాటిపై కూల్చివేత, సీలింగ్ చర్యలను ఇది ఆపుతుంది. 2023 డిసెంబర్‌లో చేసిన సవరణతో గడువు 2026 డిసెంబర్ 31కి చేరింది.

ఒక ఏడాది ఊరట కోసం తెచ్చిన ఏర్పాటు 20 ఏళ్లు కొనసాగిందన్నమాట. దీని ప్రభావం పెట్టుబడిపై పడుతుంది. మూడేళ్ల గడువున్న చోట మంచి యంత్రం కొనడానికి, భవనాన్ని పటిష్ఠం చేయడానికి యజమాని జంకుతాడు. స్థలం కాగితాలు సరిగా లేకపోతే బ్యాంకులో తాకట్టు పెట్టడం కష్టం.

చలికాలం వస్తే

గాలి నాణ్యత సూచీ పెరిగేకొద్దీ అంచెలంచెలుగా ఆంక్షలు విధించే విధానమే గ్రాప్. 2017 జనవరిలో కేంద్రం దీన్ని నోటిఫై చేసింది. తీవ్ర దశల్లో నిర్మాణాలు ఆగిపోతాయి, డీజిల్ జనరేటర్లపై పరిమితులుంటాయి, చివరి దశలో ట్రక్కుల ప్రవేశానికీ అడ్డుకట్ట పడుతుంది. సిమెంటు, టైల్స్, హార్డ్‌వేర్, రవాణా వ్యాపారాలు దీనికి మొదట దెబ్బతింటాయి.

పని ఆగిన రోజులకు నిర్మాణ కార్మికులకు సెస్ నిధి నుంచి భృతి ఇవ్వాలని 2024లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అద్దె, ఈఎంఐ, జీతాలు తమకు మాత్రం ఆగవని చిన్న యజమానులు అంటారు. ఆంక్షలు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో ముందుగా తెలియకపోవడం వారికి మరో సమస్య. అయితే ఆ గాలినే యజమానులూ, పనివాళ్లూ, ఖాతాదారులూ పీలుస్తున్నారు. అందుకే ఆంక్షలే వద్దనేవారు తక్కువ.

సరిహద్దు దాటితే?

2025 ఏప్రిల్ నుంచి ఢిల్లీలో నైపుణ్యం లేని కార్మికుడి కనీస నెల వేతనం రూ.18,456. అప్పట్లో పక్కనున్న హరియాణా, ఉత్తర్‌ప్రదేశ్‌లలో అది రూ.11 వేల చుట్టుపక్కలే. ఢిల్లీలో బతకడానికి అయ్యే ఖర్చుతో చూస్తే ఈ వేతనం ఎక్కువేమీ కాదని కార్మిక సంఘాల వాదన.

పెద్ద కంపెనీలు దీనికి దారి ఎప్పుడో వెతుక్కున్నాయి. మారుతీ సుజుకీ రిజిస్టర్డ్ కార్యాలయం ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఉంటే, కార్ల ఫ్యాక్టరీలు హరియాణాలోని గురుగ్రామ్, మానేసర్‌లలో ఉన్నాయి. కొత్త పారిశ్రామిక వాడల్లో తయారీకి బదులు సేవలు, హైటెక్ సంస్థలకే చోటిస్తామని 2020 నవంబర్‌లో ఢిల్లీ ప్రభుత్వం ప్రకటించింది కూడా. ఇలా అడ్రస్ ఒకచోట, పని మరోచోట పెట్టుకునే వీలు పది మందితో షెడ్డు నడిపే యజమానికి ఉండదు.

నిబంధనలు ఎందుకు వచ్చాయి?

2018 జనవరిలో బవానాలోని బాణసంచా యూనిట్‌లో మంటలు 17 మందిని బలి తీసుకున్నాయి. 2019 డిసెంబర్ 8న అనాజ్ మండీలో ఇళ్ల మధ్య ఫ్యాక్టరీగా నడుస్తున్న భవనం తగలబడి 43 మంది చనిపోయారు. వారిలో చాలామంది పనిచేసేచోటే నిద్రపోతున్న కార్మికులు. 2022 మేలో ముండ్కాలో మరో 27 మంది మరణించారు.

అనధికారంగా ఉన్నచోట తనిఖీ ఉండదు, ఫైర్ ఎన్ఓసీ ఉండదు. గడువులు పొడిగిస్తూ పోవడం వల్ల యజమానికి భద్రత లేనట్టే, లోపల పనిచేసేవారికీ లేకుండా పోయింది.

హైదరాబాద్‌లో ఇదే ప్రశ్న

నగరం పెరిగి పారిశ్రామిక వాడలను చుట్టుముట్టడం హైదరాబాద్‌కూ అనుభవమే. ఓఆర్‌ఆర్ లోపల, దాని చుట్టుపక్కల ఉన్న పారిశ్రామిక భూములను ఫీజు కట్టి ఇతర అవసరాలకు మార్చుకునేలా తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబర్‌లో హిల్ట్ విధానం తెచ్చింది. ప్రతిపక్షాలు దాన్ని తీవ్రంగా వ్యతిరేకించాయి. ఢిల్లీలో 1996లో సుప్రీంకోర్టు మరో దారి పట్టింది. తరలిపోయే పెద్ద పరిశ్రమల యజమానులు తమ భూమిలో సగానికి పైగా పచ్చదనం, ప్రజా అవసరాల కోసం వదులుకోవాలంది.

ఇకపై ఏం చూడాలి?

ఢిల్లీ వ్యాపారులకు కీలకమైనవి రెండు. ఒకటి, 2026 డిసెంబర్ 31 గడువు. రెండోది, మాస్టర్ ప్లాన్-2041. దాన్ని 2023 ఫిబ్రవరిలో డీడీఏ ఆమోదించి కేంద్రానికి పంపింది. ఏ వీధిలో ఏ వ్యాపారం, ఎన్ని అంతస్తుల్లో, ఏ భద్రతా షరతులతో నడపవచ్చో ఆ ప్లాన్ శాశ్వతంగా తేల్చాలన్నది యజమానుల కోరిక. అలా తేల్చకపోతే మళ్లీ ఒక పొడిగింపు బిల్లే దిక్కవుతుంది.