జిన్ అండ్ టానిక్: ఈ కాక్‌టెయిల్ మలేరియా మందుగా పుట్టిందా?

బ్రిటిష్ సైనికులు భారత్‌లో మలేరియా రాకుండా క్వినైన్ తాగేవారని, దాని చేదు భరించలేక జిన్ కలుపుకొన్నారని, అలా ‘జిన్ అండ్ టానిక్’ పుట్టిందని చాలామంది చెబుతుంటారు. కథ బాగుంది. కానీ, దొరికిన ఆధారాలు మరోలా చెబుతున్నాయి.

చేదు ఎక్కడి నుంచి వచ్చింది?

టానిక్ వాటర్‌లో చేదుకు కారణం క్వినైన్. మన పెద్దవాళ్లు ‘కొయినా’ అన్నది దీన్నే. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడులో ఇది ఉంటుంది. 1820లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు పెల్లెటియర్, కావెంటూ దీన్ని బెరడు నుంచి వేరు చేశారు.

వలస పాలనకు క్వినైన్ అత్యవసరం. అందుకే 1860లో క్లెమెంట్స్ మార్కమ్ నేతృత్వంలో సింకోనా మొక్కలను, విత్తనాలను ఆండీస్ నుంచి తెప్పించి నీలగిరుల్లో నాటించారు. ఆ తర్వాత డార్జిలింగ్ కొండల్లోనూ తోటలు వేశారు. 1890ల్లో బెంగాల్‌లో పోస్టాఫీసుల ద్వారా క్వినైన్‌ను చిన్న పొట్లాల్లో పైసాకు ఒకటి చొప్పున అమ్మారు. సామాన్యుడికి క్వినైన్ అందింది ఆ పొట్లంలోనే, గాజు గ్లాసులో కాదు.

గుర్రప్పందాల మైదానంలో...

సైనికులకు, నావికులకు క్వినైన్‌ను మద్యంలో కలిపి ఇచ్చిన మాట నిజమే. కానీ అది మందు మోతాదు. సోడా బుడగలతో ఉండే టానిక్ వాటర్ వేరు. దీనికి 1858లో లండన్‌లో ఎరాస్మస్ బాండ్ పేటెంట్ తీసుకున్నారు.

జిన్, టానిక్‌లను కలిపి చెప్పిన తొలి ప్రస్తావనల్లో ఒకటి 1868 నాటి ‘ఓరియెంటల్ స్పోర్టింగ్ మ్యాగజైన్’లో ఉంది. గుర్రప్పందాలు చూడటానికి వచ్చినవారు జిన్ అండ్ టానిక్, బ్రాందీ సోడా, చుట్టలు కావాలంటూ కేకలు వేశారని అందులో రాశారు. అంటే అప్పటికే అది ఎండలో సేద తీరే పానీయం. మలేరియా దోమల ద్వారా వస్తుందని కూడా అప్పటికి తెలియదు. 1897లో సికింద్రాబాద్‌లో పనిచేస్తున్న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాకే ఆ ముడి వీడటం మొదలైంది.

తాగితే మలేరియా రాదా?

ఈ నమ్మకం ప్రమాదకరం. అమెరికా నిబంధనల ప్రకారం టానిక్ వాటర్‌లో క్వినైన్ లీటరుకు దాదాపు 83 మిల్లీగ్రాములు మించకూడదు. మలేరియా చికిత్సలో పెద్దవాళ్లకు రోజుకు సుమారు 1,800 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. ఆ లెక్కన రోజుకు 20 లీటర్లకు పైగా టానిక్ తాగాలి. జ్వరం వస్తే చేయించాల్సింది రక్త పరీక్షే.

మరి రుచి సంగతి?

మందు కాకపోయినా ఇది మంచి పానీయమే. జిన్‌కు ప్రధాన వాసన జునిపర్ కాయలది. దేవదారు అడవిని తలపించే ఆ ఘాటు, క్వినైన్ చేదు, టానిక్‌లోని తీపి, నిమ్మ పులుపు ఒకదాన్నొకటి సరిచేస్తాయి. ఒక వంతు జిన్‌కు రెండు నుంచి మూడు వంతుల టానిక్ సరిపోతుంది. గ్లాసు నిండా ఐస్ వేస్తే అది త్వరగా కరగదు, పానీయం పలచబడదు. టానిక్ కూడా చల్లగా ఉంటేనే బుడగలు నిలుస్తాయి. అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే గ్లాసు నీలంగా మెరుస్తుంది. అది క్వినైన్ గుణం.

ఇప్పుడు గోవాలో తయారయ్యే ‘హపుసా’ జిన్‌లో హిమాలయ జునిపర్ వాడుతున్నారు. సంస్కృతంలో ఆ కాయ పేరే హపుసా. ఒకప్పుడు దొరల క్లబ్బులకే పరిమితమైన గ్లాసులోకి ఈ నేల వాసన ఇలా చేరింది. తాగేవారు దాన్ని రుచి కోసం తాగొచ్చు, ఆరోగ్యం కోసం అని మాత్రం అనుకోకూడదు.